కడబంతి

2015 మే 1 నుంచి అక్టోబరు 31 దాకా ఇటలీలోని మిలాన్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. భూమ్మీద అందరికీ అన్నం ఎలా పెట్టాలన్నదే ఆ ఏటి విషయం. 140కి పైగా దేశాలు తమ పంటలు, వంటలు, విత్తనాలు పట్టుకెళ్ళి చూపించాయి. ఆరు నెలల్లో రెండు కోట్ల పైచిలుకు జనం చూసి వెళ్ళారు. అదే ఏడు జూలై 14 నుంచి పన్నెండు రోజులు మన గోదావరికి పుష్కరాలు. రాజమండ్రిలో ఏ ఇంట చూసినా చుట్టాలే, ఏ వీధి మొగలో చూసినా అన్నదాన పందిళ్ళే. తొలిరోజు తొక్కిసలాట మిగిల్చిన దుఃఖంలో కూడా ఆ పందిళ్ళు ఆగలేదు. ఊరూ పేరూ అడక్కుండా పులిహోర పొట్లం చేతిలో పెట్టిన రోజులవి. అక్కడ లోకమంతా పోగై తిండి గురించి ఆలోచిస్తోంది, ఇక్కడ ఒక నది ఒడ్డున తిండి పెడుతున్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలన్న ఊహ అప్పట్లో మనకెవరికీ తట్టలేదు.

మిలాన్‌లో స్విట్జర్లాండువాళ్ళు కట్టిన ప్రదర్శన మందిరం గురించి చదివినప్పటినుంచి అది నా మనసులో నిలిచిపోయింది. నాలుగు ఎత్తయిన బురుజులు. వాటి నిండా నీళ్ళు, ఉప్పు, కాఫీ, ఎండబెట్టిన యాపిల్ ముక్కలు. లోపలికి వెళ్ళినవాళ్ళు ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చు. కాపలా లేదు, కొలత లేదు. అయితే ఒకసారి అయిపోయిన సరుకు మళ్ళీ నింపరు. సరుకు తరుగుతున్నకొద్దీ జనం నిలబడే వేదిక కూడా కిందికి దిగిపోతుంది. మే నెలలో వచ్చినవాళ్ళు జేబులు నింపుకుంటే అక్టోబరులో వచ్చేవాళ్ళకి ఏమీ మిగలకపోవచ్చు. అందరికీ సరిపోతుందా అన్న ప్రశ్నని ఎవరి చేతిలో పెట్టాలో వాళ్ళ చేతిలోనే పెట్టారు.

ఇదేమీ మనకు కొత్త పాఠం కాదు. మనం బంతి భోజనాల్లో పెరిగినవాళ్ళం. తొలిబంతిలో గారె వేడిగా వస్తుంది, నెయ్యి గిన్నె రెండుసార్లు తిరుగుతుంది, ముక్కల పులుసులో ముక్కలుంటాయి. రెండో బంతికి పప్పు కాస్త పలచనవుతుంది. మూడో బంతికి వచ్చేసరికి బూరెల బుట్ట తేలికవుతుంది, వడ్డించేవాళ్ళు విస్తరి మీదకి వంగేముందు ఒకసారి వెనక్కి తిరిగి గాడిపొయ్యి వైపు చూస్తారు. ఇక కడబంతిలో కూచునేది ఎవరు? వండినవాళ్ళు, వడ్డించినవాళ్ళు, అంట్లు తోమవలసినవాళ్ళు, పందిరి వేసినవాళ్ళు. పొద్దుటినుంచీ ఆ తిండి మధ్యనే తిరిగినవాళ్ళు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూచున్నా ఒకటేనని సామెత. దాన్ని భరోసాగా చెప్పుకుంటాం గానీ నాకు అందులో భయమే ఎక్కువ వినిపిస్తుంది. మనవాడు కాకపోతే కడబంతికి ఏమీ దక్కదని ఆ సామెత ఒప్పేసుకుంది. ఒక ఊరు ఎంత బాగా తింటోందో తెలుసుకోవాలనుకుంటే తొలిబంతి విస్తళ్ళు చూసి లాభం లేదు. మన గోదావరి డెల్టా సంగతి కూడా అలాగే చూడాలనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అన్నపూర్ణ అని చెప్పుకుంటున్న ఈ నేల రెండు వందల ఏళ్ళ కింద ఆకలి దేశం. రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేల మంది జనం ఉంటే 1841 నాటికి 5 లక్షల 61 వేల మందే మిగిలారు. కరువులు, తుపాన్లు, వలసలు కలిసి చేసిన పని అది. గోదావరి నిండుగా పారి సముద్రంలో కలుస్తూనే ఉంది, ఒడ్డున జనం చస్తూనే ఉన్నారు. 1847లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించి 1852కి పూర్తిచేయించాడు. ఆ పని సాగుతుండగానే 1851లో లండన్‌లో గాజుమేడ కట్టి మహా ప్రదర్శన జరిపారు. ఈస్టిండియా కంపెనీ ఇండియా నుంచి నగలు, పట్టుబట్టలతో పాటు ధాన్యాలు కూడా పంపింది. అక్కడ మన గింజల్ని చూపుతున్న రోజుల్లో ఇక్కడ వేలమంది కూలీలు రాళ్ళు మోస్తున్నారు. ఆ కష్టం మీద ఇవాళ దాదాపు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో ఆ నిర్మాణపు నమూనాలున్నాయి. బడిపిల్లల్ని తీసుకెళ్ళి చూపించవలసిన చోటు. తిండి గురించి మనకున్న ప్రదర్శన అదొక్కటే అనుకున్నా సరిపోతుంది.

అన్నం దొరికాక ఇంకో కష్టం వచ్చిపడింది. రోకళ్ళు మూలపడి మరలు వచ్చాయి. తవుడు పూర్తిగా పోయేలా తెల్లగా పట్టిన పచ్చిబియ్యమే ముప్పూటలా తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి తిష్ఠ వేసింది. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, ఒళ్ళు నీరు పట్టడం, గుండె అలిసిపోవడం దాని లక్షణాలు. ఉప్పుడు బియ్యం తినేచోట్ల ఆ జబ్బు అంతగా లేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. పచ్చిబియ్యాన్ని మర పట్టిస్తే ఆ విటమిన్ తవుడుతో పాటు పశువుల కుడితిలోకి పోతుంది. 1918లో వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి మీద పరిశోధన ప్రారంభించాడు. ఆ చిన్న విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా వెళ్ళేటప్పుడు ఆ భవనాలు కనిపిస్తే నాకు మన సర్కారు జిల్లాల తెల్లన్నమే గుర్తొస్తుంది. కడుపు నిండిన మనిషికి కూడా ఒంట్లో ఆకలి ఉండగలదని ఈ దేశానికి నేర్పిన తిండి అది.

తర్వాతి కథలో మనవాళ్ళ పేర్లు గర్వంగా చెప్పుకోదగినవే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8 వంగడాన్ని విడుదల చేసింది. దేశంలో తిండిగింజలకు కటకటలాడుతున్న కాలం. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని వేసి చూపించి, చుట్టుపక్కల రైతులకు విత్తనం అందించారు. ఆయనకు మిస్టర్ ఐఆర్-8 అన్న పేరే స్థిరపడింది. మార్టేరులో 1925లో పెట్టిన వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చింది. కాయితాల మీద ఎంటీయూ 7029. అది గోదావరి గట్లు దాటి ఒడిశా, బెంగాల్, బీహార్, బంగ్లాదేశ్ పొలాలకు పాకింది. ఎన్ని కోట్ల కంచాల్లో మార్టేరు గింజ ఉడికిందో ఊహించుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. అందులో గ్లైసీమిక్ సూచిక తక్కువని, అంటే రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుందని కూడా 2011లో ఫిలిప్పీన్స్ వరి సంస్థ పరిశీలనలో తేలింది. ఇంత మంచి గింజను పండించి మిల్లుకు తోలేసి, ఇంట్లోకి మాత్రం సన్నగా తెల్లగా మెరిసే సాంబమసూరి బస్తా కొనుక్కునే అలవాటు మనది. పండించేది ఒకటి, తినేది ఒకటి.

కాలవకి కూడా కడబంతి ఉంది. దాని పేరు శివారు. లాకుల దగ్గరి ఊళ్ళు ఊడ్పులు ముగించి కలుపు తీస్తుండగా సముద్రం వైపు శివారు భూముల్లో నారు నీటికి ఎదురుచూస్తుంది. అదే నవంబరులో వాయుగుండం పడితే ముందు మునిగేది శివారే. మురుగు కాలవలు పూడిపోయి నీరు దిగే దారి ఉండదు. నీళ్ళు అందరికన్నా ఆలస్యంగా, ముంపు అందరికన్నా ముందుగా. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు ఊడ్చకుండా వదిలేశారు. గిట్టుబాటు లేకపోవడం ఒక కారణం, ఈ మురుగు బాధ ఇంకో కారణం. ఆహార భద్రత అని ఎక్కడ పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా నాకు ఆ బీడు మళ్ళే కళ్ళముందు మెదులుతాయి. పండించేవాడు నష్టంలో ఉంటే ఆ భద్రత ఎవరిది? శివారు రైతు గురించి ఆలోచించినవాళ్ళు లేకపోలేదు. మన స్వర్ణలోకే ఒడిశా పాతరకం ఒకదాని నుంచి ముంపును తట్టుకునే గుణాన్ని తెచ్చి కలిపారు. 2009లో స్వర్ణ సబ్-1 గా అది రైతుల చేతికి వచ్చింది. రెండు వారాల దాకా నీట మునిగి ఉన్నా నీరు తీశాక మళ్ళీ చిగురిస్తుంది. అందరికన్నా పల్లంలో ఉన్నవాడి పొలం నుంచి మొదలుపెట్టి ఆలోచించిన శాస్త్రం అది. నాకు తెలిసినంతలో గొప్ప శాస్త్రమంటే అదే.

శాస్త్రం మాట వచ్చింది కాబట్టి, వైద్య పరిశోధకుడు యెల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి ఇక్కడ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కొంత చదువు రాజమండ్రిలో సాగింది. స్ప్రూ అనే పేగుజబ్బు ఆయన సోదరులిద్దరినీ పొట్టన పెట్టుకుంది. తిన్న తిండి ఒంటపట్టకుండా మనిషిని చిక్కి శల్యం చేసే జబ్బది. ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బట్టకట్టారు. 1923లో అమెరికా వెళ్ళారు, మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. ఈలోగా 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, వాళ్ళ తిండిలో ఏదో ఒక పదార్థం కొరవడిందని గుర్తించింది. 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని కాస్తంత విడదీయగలిగారు. 1945 నాటికి లెడర్లీ ప్రయోగశాలల్లో సుబ్బారావు గారి నాయకత్వంలో పనిచేసిన బృందం దాన్నే ప్రయోగశాలలో తయారుచేసింది. అదే ఫోలిక్ యాసిడ్. ఇవాళ ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఉన్నది అదే. తన అన్నదమ్ముల్ని తినేసిన జబ్బుకి మందు వెతుకుతూ పోయిన భీమవరం కుర్రాడు లోకంలోని తల్లులందరికీ పనికొచ్చే వస్తువు చేసిపెట్టాడు.

మరి ఆయన పుట్టిన నేల మీద తల్లుల సంగతేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ. ఇది కరువు జిల్లాల లెక్క అని పక్కకి నెట్టేయడానికి లేదు. ధాన్యం బస్తాలు అరుగుల మీద కొండల్లా పేర్చుకున్న ఊళ్ళలో కూడా మెట్లెక్కితే ఆయాసపడే ఆడపిల్లలు కనిపిస్తారు. దీనికి విరుగుడుగా రేషన్ బియ్యంలో వంద కిలోలకు ఒక కిలో చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారుచేసిన గింజలు కలుపుతూ వచ్చారు. బియ్యప్పిండితోనే చేసినా చూడ్డానికి మామూలు గింజలా ఉండవు, కాస్త తేడాగా కనిపిస్తాయి. ప్లాస్టిక్ బియ్యమని పుకారు పుట్టింది. మధ్యాహ్నం అరుగు మీద కూచుని చేటలో బియ్యం పరిచి, వేలితో ఆ గింజల్ని ఒక్కొక్కటీ పక్కకి జరిపి కోళ్ళకి వేసేవాళ్ళని నేను చూశాను. ఎంత శ్రద్ధగా ఏరేవారో! పిల్లల కడుపులోకి చెడ్డది పోకూడదన్న తాపత్రయమే అదంతా. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. గింజని బస్తాలో కలిపి పంపినవాళ్ళు దాని సంగతి కూడా వాళ్ళ గుమ్మం దాకా వచ్చి చెప్పి ఉండవలసింది.

అసలు ఆ గింజ అవసరం ఎందుకు పడిందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఫోలిక్ యాసిడ్ ఆకుకూరల్లో, మినుముల్లో, పెసల్లో పుష్కలంగా ఉంటుంది. ఇవన్నీ మన గట్ల మీద, మన చేలల్లో ఉన్నవే. సార్వా వరి కోతకు ముందు పదునుండగానే మినుములో పెసలో చల్లేవారు. కోత అయ్యేసరికి మొలకెత్తి, మంచుకే పెరిగి పంటకొచ్చేవి. దాళ్వాకి నీళ్ళు వచ్చిన చోటల్లా వరి మీద వరే అయింది. చెరువులు తవ్విన చోట ఆ వరి కూడా పోయి రొయ్య వచ్చింది. బోదె పక్కన పొన్నగంటి, పెరటి పందిరికి బచ్చలి, దొడ్లో మునగ, చిన్న కాలవలో దొరికే చిరుచేపలు, ఇవన్నీ డబ్బు పెట్టి కొననివి కాబట్టి విలువ లేనివిగా లెక్కకట్టేశాం. కలుపుమందు కొట్టిన గట్టు మీద పొన్నగంటి మొలవదు. తరవాణి కుండ కూడా అలాగే పోయింది. అన్నం వార్చిన గంజిని కుండలో పోసి, పొద్దున్నే ఆ పులిసిన తేటని చద్దన్నంలో పోసుకుని, పచ్చిమిరపకాయో ఉల్లిపాయో కొరుక్కు తినేవారు. అన్నం వార్చినప్పుడు గింజలోంచి జారిపోయిన సారం ఎంతోకొంత ఇలా మళ్ళీ కంచంలోకి చేరేది. ఇప్పుడు కుక్కర్లు వచ్చాయి, వార్చే పని లేదు. మంచిదే. కానీ ఆ చద్దన్నం స్థానంలోకి వచ్చింది టీ, బిస్కట్టు.

ఇలా కంచంలోంచి జారిపోయినవాటిలో చిరుధాన్యాలూ ఉన్నాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ జూన్‌లో జి-20 వ్యవసాయ మంత్రులు హైదరాబాదులో సమావేశమై ఆహార భద్రత, పోషణ మీద దక్కన్ సూత్రాలని ఒక పత్రం ఆమోదించారు. మంచి పత్రమే. ఇటు రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో చోళ్ళూ సామలూ తిన్నవాళ్ళ కంచాల్లోకి రేషన్ బియ్యం ఎక్కింది. అటు పట్నం దుకాణాల్లో అవే చోళ్ళు అందమైన పొట్లాల్లో ఖరీదైన సరుకయ్యాయి. కొండమనిషి తిండి తొలిబంతికి వెళ్ళింది, కొండమనిషి కడబంతికి వచ్చాడు.

మిలాన్ ప్రదర్శనలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఆ ప్రాంగణం బయట జరిగింది. మాసిమో బొత్తూరా అనే పేరున్న వంటవాడు, కారిటాస్ అనే సేవాసంస్థతో కలిసి నగరంలో మూతపడిన ఒక పాత నాటకశాలని భోజనశాలగా మార్చాడు. ప్రదర్శనలో మిగిలిపోయిన కూరలు, పళ్ళు, రొట్టెలు తెప్పించి, పెద్దపెద్ద వంటవాళ్ళని పిలిపించి, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి వండిపెట్టించాడు. వాళ్ళని బల్లల దగ్గర కూచోబెట్టి మర్యాదగా వడ్డించారు. ప్రదర్శన ముగిసినా ఆ భోజనశాల మూతపడలేదు.

ఇది చదువుతుంటే లంకల గన్నవరం కళ్ళకు కట్టింది. డొక్కా సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టి, పెళ్ళయ్యాక ఆ లంక ఊరికి వచ్చారు. వంతెనలు లేని రోజులు. అంతర్వేది వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ పడవ దిగి, ఎండన పడి, వాననపడి ఆ ఇంటికి చేరేవారు. ఏ వేళప్పుడు తలుపు తట్టినా అన్నం ఉండేది. కులం అడగలేదంటారు, వేళ అడగలేదంటారు. ఆస్తి కరిగినా పొయ్యి ఆరలేదు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపు వస్తే రానన్నారని, ఆమె ఫొటో తెప్పించుకుని ఆసనం మీద పెట్టారని కోనసీమలో చెప్పుకుంటారు. 1909లో కన్నుమూశారు. ఇవాళ గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలవని దాటించే అక్విడక్టుకి ఆమె పేరే, మన బళ్ళలో మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే. ఆమె చేసిన దానంలో నన్ను ఎక్కువగా కదిలించేది పెట్టిన అన్నం రాశి కన్నా ఆ వేళ పట్టింపు లేకపోవడమే. అందరూ తినేశాక, పొయ్యి చల్లారాక వచ్చినవాడికి మళ్ళీ ఎసరు పెట్టడం. ఆలస్యంగా రావడం వాడి నేరం కాదని తెలియడం.

బాగా బతకడమంటే ఏమిటని అడిగితే ఈ వయసులో నాకు ఇదొక్కటే తోస్తుంది. మన తర్వాత తినబోయేవాళ్ళు మనకు గుర్తుండాలి. దీనికి మిలాన్ దాకా పోనక్కర్లేదు, మన వంటింట్లోనే మొదలుపెట్టవచ్చు. మా ఇళ్ళలో పులస వచ్చిన రోజున ముక్కలు అల్లుళ్ళకీ కొడుకులకీ వెళ్ళేవి, వండినావిడకి పులుసు మిగిలేది. ఆమె పళ్ళెం పెట్టుకునేసరికి మూడయ్యేది. పప్పు గిన్నె తుడిచి, ఆవకాయ బద్ద వేసుకుని, మజ్జిగ పోసుకుని లేచేది. ఎవరూ ఆమెకి పెట్టవద్దని అనలేదు. ఆమెకేం మిగిలిందో ఎవరూ చూడలేదు, అంతే. సర్వేలో నూటికి 59 అన్న అంకె వెనక బీదరికం ఉంది, కాన్పులున్నాయి, కడుపులో నులిపురుగులున్నాయి. ఈ ఆఖరి పళ్ళెం కూడా ఉంది. మిగతావాటికి ప్రభుత్వం కావాలి, డబ్బు కావాలి. దీనికి అవేవీ అక్కర్లేదు.

కాబట్టి చదువుతున్న మీకు ఒక్క మనవి. ఈ రాత్రి మీ ఇంట్లో వండినవారు కూడా వచ్చి కూచునేదాకా ఎవరి కంచంలోనూ అన్నం పెట్టనివ్వకండి. ఆకుకూర, పప్పు, గుడ్డు, చేపముక్క, ఏది ఉంటే అది ముందు ఆమెకి వడ్డించండి. ఆమె వద్దంటుంది, అలవాటు లేక మొహమాటపడుతుంది. అయినా వడ్డించండి.